కొలనోస్కోపీనా, సీటీ కొలనోగ్రఫీనా?

పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న గడ్డలు) ఉన్నాయేమో చూసే పరీక్షలివి: కొలనోస్కోపీలో మలద్వారం నుంచి కెమెరా గొట్టం (స్కోపు) పంపి చూస్తారు, సీటీ కొలనోగ్రఫీలో పేగును సీటీ స్కాన్ తీస్తారు. విరేచనాల మందు తాగి రాత్రంతా బాత్రూమ్ చుట్టూ తిరగడం రెండింటికీ తప్పదు, ఆ బాధ తప్పుతుందని మాత్రం సీటీకి వెళ్లొద్దు.

సీటీ: మత్తు అక్కర్లేదు. అమీర్‌పేటలో చేయించుకుని మెట్రో ఎక్కి ఇంటికెళ్లిపోవచ్చు.

కొలనోస్కోపీ: మత్తిస్తారు కాబట్టి తోడు ఒకరుండాలి, అరుదుగా రక్తస్రావం, పేగుకు చిల్లు. కానీ పాలిప్ కనబడితే అప్పుడే సన్నటి వైరు ఉచ్చు బిగించి కోసి బయాప్సీకి (ల్యాబ్‌లో ఆ ముక్కను పరీక్షించడానికి) పంపుతారు.

అసలు తేడా ఇక్కడే, పాలిప్ ఏ రకమో తెలియడంలో. చిన్న హైపర్‌ప్లాస్టిక్ రకం అయితే సాధారణంగా టెన్షన్ అక్కర్లేదు. అడినోమా రకం అయితే మెల్లగా క్యాన్సర్‌గా మారొచ్చు, అందులోనూ ట్యూబ్యులర్ (గొట్టాల్లా పెరిగేది) కన్నా విల్లస్‌తో (వేళ్లలా పెరిగేది) రిస్కు ఎక్కువ, విల్లస్ అయినా 10 మి.మీ. లేదా అంతకన్నా పెద్ద సైజున్నా మామూలుగా 3 ఏళ్లకే మళ్లీ రమ్మంటారు. సీటీలో సైజు తెలుస్తుంది గానీ రకం తెలియదు, చెప్పుకోదగ్గ సైజు పాలిప్ ఉందంటే మళ్లీ కొలనోస్కోపీకి వెళ్లాలి, చివరికి రెండు బిల్లులూ కట్టాలి.

మలంలో రక్తం పడుతున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చినా నేరుగా కొలనోస్కోపీకే వెళ్లండి. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు, స్కోపు చివరిదాకా వెళ్లనివాళ్లకు సీటీ.