పూల లోయకు ఒక్క పూట చాలదు

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి వెళ్తే లోయకే రెండు రోజులు ఉంచుకోండి. ప్యాకేజీలవాళ్లు చాలావరకు ఒక్క రోజే ఇస్తారు. లోపల టెంట్ వేసుకోనివ్వరు, సాయంత్రంలోపు లోయ బయట బస ఉండే ఊరు ఘాంఘ్రియాకు తిరిగొచ్చేయాలి. ఆ రోజు కాస్తా మబ్బు కమ్మిందంటే ఎదుటి కొండ కూడా కనబడదు.

గోవింద్‌ఘాట్ దాకా రోడ్డు, అక్కణ్నుంచి పుల్నా వరకు షేర్ జీపులు, ఆపైన ఘాంఘ్రియా దాకా సుమారు 10 కిలోమీటర్ల ఎక్కుడు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి దారి ఆగిపోవడం మామూలే కాబట్టి తిరుగు రైలుకు ఒక రోజు అదనంగా పెట్టుకోండి, టెన్షన్ ఉండదు.

ఘాంఘ్రియాలో బస మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు చెమ్మ వాసన, బకెట్ వేడినీళ్లకు విడిగా డబ్బు. తీసుకున్న అద్దెకు అది అన్యాయమే. గురుద్వారా లంగర్‌లో మాత్రం చలికి వణుకుతూ వచ్చినవాళ్లకు వేడి రొట్టె, పప్పు, టీ ఎవరినీ ఏమీ అడక్కుండా పెడతారు. ఆ సేవకు దణ్ణం పెట్టాలి.

ఇక లోయ. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. విస్తీర్ణం సుమారు 87 చదరపు కిలోమీటర్లు, 500కు పైగా పూల మొక్కల జాతులు. కంచరగాడిదలను లోపలికి రానివ్వరు, ఆ తేడా గేటు దాటగానే తెలుస్తుంది. పుష్పావతి నది పక్కన వాలంతా గులాబీ రంగు పూలు, మన పెరట్లోని కాశీతుమ్మకు దగ్గరి చుట్టాలు, కాకపోతే ఇవి మనిషెత్తు పెరుగుతాయి. రాళ్ల సందున నీలి గసగసాల పువ్వు ఒకటి కనబడితే అక్కడే కూర్చుండిపోయాను. రేకలు ఉల్లిపొర అంత పలచన, మధ్యలో పసుప్పచ్చ కేసరాలు, కాడ నిండా ముళ్లు, ప్రతి ముల్లు కొసనా ఒక వాన చుక్క. మంచు చిరుత, కస్తూరి జింక ఇక్కడివే అయినా కనబడతాయని ఎదురుచూడొద్దు. ఓపిగ్గా కూర్చుంటే రాళ్ల మధ్య కుందేలుకు చుట్టమైన, తోక లేని చిన్న జంతువు పికా గడ్డి పరక నోట కరుచుకుని పరుగెత్తడం చూడొచ్చు.

ఒక్క విషయం బాధపెట్టింది. పాలిగోనమ్ అనే మొక్క గుబురుగా పెరిగి చిన్న పూల మొక్కలకు ఎండ తగలనివ్వడం లేదు. అటవీ శాఖ దాన్ని పీకిస్తోంది. పశువుల మేత ఆపాకే ఇది ముదిరిందని కొందరు అంటారు.

లోయలోనే 1939లో పూలు సేకరిస్తూ జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. ఒక్క రోజే ఉన్నవాళ్లు తిరుగు తొందరలో చాలాసార్లు అక్కడిదాకా వెళ్లరు.

బ్రహ్మకమలం కోసమైతే ఘాంఘ్రియా పైన కొండ మీదున్న సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్ ఎక్కాలి. మన కుండీల్లో రాత్రిపూట పూసేది కాక్టస్ జాతి, ఇది వేరే మొక్క. 4 వేల మీటర్ల పైన, లేత పసుపు కాగితం లాంటి పొరల లోపల ఊదారంగు పూలు. ఎక్కుడు చాలా నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుర్రం మాట్లాడుకోండి, బేరం ముందే తేల్చుకోండి. పార్కు జూన్ 1 నుంచి అక్టోబర్ 31 వరకు తెరిచి ఉంటుంది. పూలకు జులై నెలాఖరు, ఆగస్టు మంచి రోజులు.