క్రూడ్ ప్రీహీట్ ట్రైన్‌కి ఫౌలింగ్ ప్రిడిక్షన్ సాఫ్ట్‌వేర్: కొనొచ్చా?

మా రిఫైనరీలో క్రూడ్ యూనిట్ టెక్నికల్ సర్వీసెస్ నేను చూస్తాను. క్రూడ్ (ముడి చమురు) ఫర్నేస్‌లోకి వెళ్లేముందు దాన్ని వరసగా వేడి చేసే ఎక్స్ఛేంజర్లలో (అదే ప్రీహీట్ ట్రైన్) మడ్డి ఎంత పేరుకుంటుందో (అదే ఫౌలింగ్), ఎప్పుడు కడగాలో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ తీసుకుని వాడుతున్నాం. కంపెనీ నిబంధనల వల్ల అమ్మినవాళ్ల పేరు రాయలేను. కొనే ఆలోచనలో ఉన్న తోటి ఇంజనీర్ల కోసం రాస్తున్నా.

ముందు డబ్బు లెక్క. ఏడాదికి కోటి టన్నుల క్రూడ్ నడిపే యూనిట్‌లో ఫర్నేస్ ఇన్‌లెట్ ఉష్ణోగ్రత, అంటే సీఐటీ, ఒక్క డిగ్రీ పడితే రోజుకి దాదాపు 2 టన్నుల ఇంధనం అదనంగా కాలుతుంది. ఇంకా పడుతూ పోతే ఫర్నేస్ లిమిట్‌కి వచ్చేస్తుంది, త్రూపుట్ (నడిపే క్రూడ్ పరిమాణం) తగ్గించక తప్పదు.

ఇందులో నాకు బాగా నచ్చింది క్లీనింగ్ ప్లాన్. మామూలుగా ఎక్కడ మడ్డి ఎక్కువుంటే దాన్నే హైడ్రోజెట్టింగ్‌కి (గట్టి ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడానికి) ఇస్తారు. ఈ సాఫ్ట్‌వేర్ ట్రైన్ మొత్తాన్నీ కలిపి లెక్కేస్తుంది. ముందున్న ఎక్స్ఛేంజర్ కడిగితే క్రూడ్ అక్కడే బాగా వేడెక్కుతుంది. దాంతో తర్వాతి వాటిలో ఉష్ణోగ్రత తేడా తగ్గి, అవి ఇచ్చే వేడి తగ్గుతుంది. ఇక్కడ సంపాదించింది అక్కడ పోతుందన్నమాట. మా దగ్గర అందరి దృష్టీ మధ్యలో ఉన్న డీజిల్ ఎక్స్ఛేంజర్ మీదే ఉండేది. సాఫ్ట్‌వేర్ మాత్రం చివర వ్యాక్యూమ్ రెసిడ్యూతో (వ్యాక్యూమ్ డిస్టిలేషన్ అడుగున మిగిలే చిక్కటి నూనెతో) వేడెక్కే జతని ముందు కడగమంది. బండిల్ (ట్యూబుల కట్ట) బయటికి లాగి చూస్తే, 25 మి.మీ. ట్యూబుల్లో కొన్నింట్లో చిటికెన వేలు కూడా దూరలేదు. నల్లగా, గీకితే పెచ్చులుగా ఊడే మడ్డి. కడిగాక సీఐటీ అది చెప్పిన అంచనాకి చాలా దగ్గరగా పెరిగింది.

సాఫ్ట్‌వేర్ లోపల ఉన్నది 1995లో ఎబర్ట్, పంచల్ ప్రతిపాదించిన థ్రెషోల్డ్ మోడల్ తరహాదే. ఫిల్మ్ (ట్యూబ్ గోడని ఆనుకున్న పలచటి క్రూడ్ పొర) ఉష్ణోగ్రత పెరిగితే మడ్డి త్వరగా పడుతుంది, ట్యూబ్ గోడ దగ్గర ప్రవాహం ఒరిపిడి పెరిగితే తగ్గుతుంది. టెమా (ఎక్స్ఛేంజర్ తయారీదార్ల సంఘం) పట్టికల్లోని ఫౌలింగ్ ఫ్యాక్టర్ ఒకే అంకె, దానికి కాలంతో పని లేదు. త్రూపుట్ తగ్గించినప్పుడు ఫౌలింగ్ ఎందుకు జోరందుకుంటుందో షిఫ్ట్ వాళ్లకి చూపించడానికి ఈ మోడల్ గీసే గ్రాఫ్ ఒక్కటి చాలు.

అసలు ఇబ్బంది క్రూడ్ మారినప్పుడు వస్తుంది. బస్రా హెవీ లాంటి ఆస్ఫాల్టీన్లు (తారులాంటి బరువైన పదార్థాలు) ఉన్న క్రూడ్‌లో తేలికైన పారఫినిక్ షేల్ క్రూడ్ కలిపితే ఆస్ఫాల్టీన్లు విడిపోయి ట్యూబులకి పట్టే ప్రమాదం ఉంది. విడివిడిగా రెండూ మంచివే కావచ్చు. సాఫ్ట్‌వేర్ ఏపీఐ గ్రావిటీ (చమురు ఎంత తేలికో చెప్పే కొలత), స్నిగ్ధత మాత్రమే అడుగుతుంది కాబట్టి దానికి ఇదంతా కనిపించదు, పాత వేగంతోనే గీత గీసుకుంటూ పోతుంది. డెమోలో ‘ఏఐ అన్నీ నేర్చుకుంటుంది’ అన్నారు. మా బ్లెండ్ మారిన వారాల్లో అంచనా బాగా తప్పింది. వీహీ పద్ధతిలో బ్లెండ్ సాల్యుబిలిటీ నంబర్, ఇన్‌సాల్యుబిలిటీ నంబర్ (ఆస్ఫాల్టీన్లు కరిగి ఉంటాయా, విడిపోతాయా చెప్పే అంకెలు) ల్యాబ్‌లో తీయించి చూసుకోవడం ఇప్పటికీ మా పనే. డీసాల్టర్ (క్రూడ్‌లోంచి ఉప్పు తీసే పరికరం) ముందు పేరుకునే ఉప్పు విషయంలోనూ ఈ మోడల్ మీద ఆధారపడలేం, అది వేరే రకం ఫౌలింగ్.

ఇన్‌స్ట్రుమెంట్ల గురించి కూడా చెప్పాలి. రెండు ఎక్స్ఛేంజర్ షెల్స్ మధ్య టీఐ (ఉష్ణోగ్రత చూపే మీటర్) లేకపోతే ఏది ఎంత మురికిగా ఉందో ఏ సాఫ్ట్‌వేరూ విడదీసి చెప్పలేదు. మాకు ఒక ఎక్స్ఛేంజర్ ఫౌలింగ్ రెసిస్టెన్స్ (మడ్డి వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) మైనస్‌లో చూపించింది. వెతికితే బ్రాంచ్ ఫ్లో మీటర్ ఎక్కువ చదువుతోందని తేలింది. ఆ తేడాని పట్టిచ్చింది ఈ సాఫ్ట్‌వేర్‌లోని హీట్ బ్యాలెన్సే, అందుకు దీన్ని మెచ్చుకోవాలి.

ట్రైన్ పెద్దదై, రన్నింగ్‌లోనే ఎక్స్ఛేంజర్లని బైపాస్ చేసి కడగగల ప్లాంట్ అయితే తప్పకుండా కొనండి. బైపాస్‌లు లేకుండా షట్‌డౌన్‌లోనే కడిగేవాళ్లకి ఇంత ఖర్చు దండగ. డెమోకి వాళ్ల శాంపిల్ డేటా ఒప్పుకోకండి. మీ హిస్టారియన్ (ప్లాంట్ రీడింగ్‌లు దాచే డేటాబేస్) నుంచి రెండేళ్ల డేటా తీయండి. మొదటి ఏడాది మాత్రం ఇచ్చి, రెండో ఏడాది సీఐటీ చెప్పమనండి. క్రూడ్ మారిన నెలల్లో ఎంత తప్పిందో చూశాకే పర్చేజ్ ఆర్డర్ ఇవ్వండి.