జీపాన్ రౌటర్ లైట్లు: నెట్ పోయినప్పుడు ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు

జీపాన్ అనే పద్ధతిలో నడిచే ఫైబర్ కనెక్షన్‌తో ఇంటికొచ్చే తెల్ల డబ్బాను మనం రౌటర్ అనో మోడెమ్ అనో అంటాం. అసలు పేరు ఓఎన్‌టీ, ఫైబర్‌లో వచ్చే వెలుతురును నెట్ సిగ్నల్‌గా మార్చే పరికరం. కంప్యూటర్ వైరు పెట్టే నాలుగు లాన్ పోర్టులు, రెండు బ్యాండ్ల వైఫై ఉన్న రకాన్ని ఏళ్లుగా వాడుతున్నాను. నెట్ పోయినప్పుడు దాని మీది లైట్లు ఎంతవరకు పనికొస్తాయో చెప్పడానికే ఈ సమీక్ష. నా లెక్కలో లాస్ (వెలుతురు అందడం లేదని చెప్పేది), పాన్ (ఆపరేటర్‌తో సంబంధం కుదిరిందని చెప్పేది) లైట్లను గట్టిగా నమ్మొచ్చు. ఇంటర్నెట్ లైటును సగమే నమ్మాలి. వైఫై లైటుతో తెలిసేది చాలా తక్కువ.

కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే మొదట అడిగేది "రెడ్ లైట్ వస్తోందా సార్?" అనే. అది లాస్ లైటు. మామూలుగా ఆరిపోయి ఉండాలి. ఎర్రగా మిణుకుమంటోందంటే ఫైబర్‌లోంచి వెలుతురు రావడం లేదు, లేదా వచ్చింది చాలడం లేదు. రీస్టార్ట్ చేసి లాభం లేదు. ఆకుపచ్చ కనెక్టర్ టక్‌మనేదాకా లోపలికి నొక్కి చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు అది కాస్త బయటికి జరగడం మామూలే. తర్వాత వైరు వెంట చూసుకుంటూ వెళ్లండి. సోఫా కాలి కింద నలిగినా, మేకుకు బిగించి చుట్టినా వెలుతురు పక్కకు జారిపోతుంది. చుట్ట 6 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకుండా ఉంటే భయం లేదు. ఊడిన వైరు కొనలోకి మాత్రం తొంగిచూడకండి. అందులోని లేజర్ కంటికి కనిపించదు, అయినా కంటికి హానే.

ఇంట్లో అంతా బాగుంటే తెగింది బయటే. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించారు కదా, అలాంటప్పుడు కనిపించేది ఈ ఎర్ర లైటే. పక్కింట్లోనూ అదే వెలుగుతుంటే ఫోన్‌లో ఆ సంగతి కూడా చెప్పండి. అప్పుడు మీ ఇంటి వైరు కాకుండా మెయిన్ లైన్ చూసుకుంటారు.

లాస్ ఆరి ఉండి పాన్ మిణుకుతుంటే వెలుతురు వస్తోంది కానీ అవతల ఆపరేటర్ వైపున్న ఓఎల్‌టీ అనే పరికరం దగ్గర మన డబ్బా నమోదు కాలేదు. ఆన్ చేశాక మొదటి ఒకటి రెండు నిమిషాలు అలా ఉండటం సహజం. పది నిమిషాలైనా పచ్చగా నిలవకపోతే కంప్లయింట్ ఇవ్వాల్సిందే. ముఖ్యంగా కొత్త డబ్బా మార్చిన రోజున దాని సీరియల్ నంబర్ అక్కడ ఎక్కించారో లేదో అడగండి.

ఈ రెండు లైట్లూ చెప్పలేనిది ఒకటుంది, పూర్తిగా పోకుండా బలహీనపడిన సిగ్నల్. వాన పడితే నెట్ తెగి తెగి వస్తుంది, లైట్లు మాత్రం పచ్చగానే ఉంటాయి. అప్పుడు బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి (కొన్నిటిలో చిరునామా వేరు, డబ్బా కింది స్టిక్కర్ చూడండి) ఆర్ఎక్స్ పవర్, అంటే డబ్బాకు అందుతున్న వెలుతురు బలం ఎంతుందో చూడాలి. దాని కొలత డీబీఎం, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాకా నిశ్చింత. చాలా డబ్బాలకు మైనస్ 27 దగ్గర హద్దు. 3 డీబీ తగ్గిందంటే వెలుతురు సగమైనట్టే. బాగున్న రోజునే ఆ అంకె రాసిపెట్టుకుంటే, పాడైన రోజు "నిన్న 21, ఇవాళ 26" అని చెప్పొచ్చు. జాయింట్‌లో నీళ్లు చేరాయన్న అనుమానం లైన్‌మన్‌కే వస్తుంది.

పాన్ పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు ఎర్రగా ఉన్నా, ఆరిపోయినా గొడవ లైన్‌లో కాదు, చాలావరకు అకౌంట్‌లో. ముందు రీచార్జ్ గడువు చూడండి. ఓఎన్‌టీని బ్రిడ్జ్‌లో పెట్టి (అంటే అది రౌటర్ పని చేయకుండా నెట్‌ను దాటించేలా మార్చి) వేరే రౌటర్ వాడేవాళ్లకు చాలా మోడళ్లలో ఈ లైటు ఎప్పుడూ వెలగదు, అది లోపం కాదు. పచ్చగా ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ను (సైట్ల పేర్లకు చిరునామాలు వెతికే సేవను) 8.8.8.8కు మార్చి చూడండి.

వైఫై లైటు వెలుగుతోందంటే రేడియో ఆన్‌లో ఉందని మాత్రమే అర్థం. రెండు బ్యాండ్ల లైట్లూ ఒకేసారి పోతే పక్కనున్న వైఫై బటన్ నొక్కుకుపోయిందేమో చూడండి. లాన్ లైటూ ఇంతే, వేగం గురించి కచ్చితంగా చెప్పదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో కంప్యూటర్‌కు 94 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్లోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగిందేమో చూడాలి. 100కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి.

అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలుగుతుంటే అడాప్టర్ ముసలిదైందని. కొత్తది కొంటే అదీ 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో మాత్రమే ఇలా అవుతుంటే అడాప్టర్‌ది తప్పు కాదు, 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే సరిపోతుంది.

ఏ లైటు ఎలా ఉన్నా వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టి నొక్కకండి. చాలా కనెక్షన్లలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబర్ (ఆపరేటర్ నెట్‌వర్క్‌లో మన దారిని గుర్తించే అంకె) అన్నీ చెరిగిపోతాయి. తెగిన ఫైబర్ అతికించాక కూడా ఆపరేటర్ వచ్చి అవి ఎక్కించేదాకా నెట్ రాదు.