రెండు నెట్ లైన్లు కలిపే రౌటర్, మా నెట్ సెంటర్ల మూడు నెలలు వాడినంక రాస్తున్న

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది చిన్న నెట్ సెంటర్, ఆరు సిస్టమ్స్. ఫీజు కట్టే ఆఖరి రోజు రోడ్డు తవ్వుతుంటే ఫైబర్ తెగి, దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు సాయంత్రం దాకా కూసుని వాపస్ పోయిండ్రు, అది నాకు మస్తు బాధ అయ్యింది. అందుకే 200 ఎంబీపీఎస్ లైన్‌కు తోడు ఇంకో కంపెనీది 100 లైన్ తీస్కొని, రెండు కలపనీకి ఈ డ్యూయల్ వాన్ (రెండు నెట్ లైన్లు ఎక్కే) గిగాబిట్ (1000 ఎంబీపీఎస్ దాకా పోయే) రౌటర్ కొన్న. పేరు వేస్తలేను, ఈ తీరు రౌటర్లన్నీ ఇంచుమించు ఒక్క పద్ధతిల్నే పనిచేస్తయ్.

బిగించినంక 300 వస్తదనుకున్న. స్పీడ్ టెస్ట్ కొడితే 188! ఒక్క 200 లైన్ ఉన్నప్పుడే అంతకంటే ఎక్కువ వచ్చేది. ఒక పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే 94 దాటలే. రౌటర్ ఖరాబుదని వాపస్ ఇద్దామనుకున్న గానీ ప్రకాశం బజార్ల నెట్‌వర్క్ పని చేసే తమ్ముడు ఒకసారి చూస్త అని వచ్చిండు.

వచ్చుడుతోనే రెండో లైన్ పీకి మొదటిది ఒక్కటే నడిపిండు, 94. తర్వాత అది పీకి రెండోది, 95. "అన్నా, నీ 200 లైన్ సుత 100 లెక్కనే నడుస్తుంది, 94 కనబడితే ముందుగాల వైర్ చూడాలె" అన్నడు. రౌటర్ పేజీల పోర్ట్ స్టేటస్ తీస్తే నిజంగనే 100 అని ఉన్నది. ఈ రౌటర్ బిగించేటప్పుడు మొదటి లైన్‌కు వేసిన వైర్ ప్లగ్గు వెలుగుల పెట్టి చూపిచ్చిండు, లోపల ఆరెంజ్ జత, గ్రీన్ జత నాలుగే వైర్లు, నీలం, గోధుమ జతలు మొదట్ల కోసి పడేసిండ్రు. నాలుగు వైర్ల మీద 100 వరకే పోతది, గిగాబిట్‌కు ఎనిమిది వైర్లు కావాలె. పాత ప్లగ్గు కత్తిరించి, ఎనిమిది రంగులు వేళ్లతోటి సాపు చేసి, వరుస రెండు సార్లు సరిచూసుకొని కొత్త ప్లగ్గు నొక్కి బిగించిండు. ఆ ఒక్క ప్లగ్గుతోటి నాలుగు సిస్టమ్స్‌ల ఒక్కసారే డౌన్‌లోడ్ పెడితే మొత్తం 280 దాటింది.

అయినా ఒక్క ఫైల్ మాత్రం 190 కాడనే ఆగుతది, మీరు కొనేముందు తెల్సుకోవాల్సింది ఇదే. ఈ రౌటర్ ఒక్కో కనెక్షన్‌ను (అంటే ఒక్కో డౌన్‌లోడ్ అసొంటిదాన్ని) ఒక్కో లైన్ మీదికి పంపుతది, ఒక్క కనెక్షన్‌ను రెండు ముక్కలు చెయ్యది. ప్యాకెట్లు (ఫైల్ చిన్న ముక్కలు) అటొకటి ఇటొకటి పంపితే రెండు లైన్ల ఆలస్యం వేరే కాబట్టి ముందుది ఎనుక, ఎనుకది ముందు చేరి, అవతలి సిస్టమ్ పోయినయేమో అనుకొని మళ్లీ అడుగుతది, అప్పుడు స్పీడ్ ఇంకింత పడిపోతది. రెండు లైన్లను నిజంగ ఒక్కటి చెయ్యాలంటే అవతలి దిక్కు సుత ముక్కలు కలిపే సర్వర్ ఉండాలె. మా అసొంటి సెంటర్‌కు ఆరుగురు ఒక్కసారి పనిచేసుకుంటే చాలు కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఇంకో తకలీఫ్, ఫీజు పేజీల నడుమల లాగౌట్ అయితుండె. ఒక పేజీ ఒక లైన్ నుంచి, తర్వాతది ఇంకో లైన్ నుంచి పోతే ఐపీ (సైట్‌కు కనబడే మన నెట్ నంబర్) మారి కొన్ని సైట్లు బయటికి నూకేస్తయ్. కౌంటర్ల ఉండే రెండు సిస్టమ్స్‌ను మొదటి లైన్‌కే కట్టేసినం, లైన్ పోతే రెండోదానికి మారేటట్టు పెట్టినం, అప్పటిసంది ఒక్క పేమెంట్ ఆగలే. లైన్ల బరువు (ఏ లైన్ మీదికి ఎంత పంపాలె అన్న లెక్క) సుత 2:1 పెట్టాలె, డబ్బాల నుంచి తీసినప్పుడు సగం సగం ఉండె.

రౌటర్‌కు 5కు 4, దాని బుక్‌ల ఒక్క ఫైల్ ముచ్చట రాయలేదని ఒకటి తగ్గించిన. తమ్ముడి పనికి 5కు 5, తీస్కున్నది 300 రూపాయలే. పోయిన వారం మళ్లీ ఫైబర్ తెగింది, లోపల కూసున్నోళ్లకు ఎవ్వరికీ తెల్వలే.