పాతింటికి ఆర్‌సీసీబీ పెట్టించి ఆరు నెలలైంది, నా అనుభవం

తిరుపతి బైరాగిపట్టెడలో మాది పాత ఇల్లు. గీజర్ వేసినప్పుడు కొళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని అమ్మ రెండు మూడుసార్లు చెప్పింది, నేను పట్టించుకోలేదు. ఒకరోజు నాకే తగిలింది. ఆ బాత్రూంలోనే మా ఏడేళ్ల పాప కూడా స్నానం చేస్తుంది, అది తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, పెట్టించాం.

మెయిన్ బోర్డులో ఎంసీబీలు (ఫ్యూజుల బదులు పెట్టే స్విచ్‌లు) ఉన్నాయి కదా, ఏం కాదులే అనుకునేవాణ్ణి. ఎంసీబీ లోడు ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడుతుంది, అంటే దానంతటదే ఆగిపోతుంది, అది కాపాడేది వైర్లను. మనిషి ప్రాణం తీయడానికి చాలా కొద్ది కరెంటు చాలు, అంత కొద్దిదానికి ఎంసీబీ కదలదు. ఆర్‌సీసీబీ అలా కాదు, ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తూ ఉంటుంది, తేడా ఉందంటే ఎక్కడో లీకవుతున్నట్టే, ఆ తేడా 30 మిల్లీ ఆంపులకు చేరితే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే ఆపేస్తుంది.

గాంధీ రోడ్డులో ఒక షాపులో కొన్నాం. అక్కడి కుర్రాడు 100 మిల్లీ ఆంపులది తీసి ఇవ్వబోతే ఓనరు పెద్దాయన ఆపి, అది మంటలు అంటుకోకుండా పెట్టేది, మనుషులకు 30దే కావాలి అని మార్పించారు. సింగిల్ ఫేజేనా, మెయిన్ ఎన్ని ఆంపులు అని అడిగి మరీ 40 ఆంపుల టూ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండూ ఆపేది) ఇచ్చారు. ఆయనకు నిజంగా దండం పెట్టాలి.

బిగించిన రోజు మాత్రం నరకం. పది నిమిషాలకోసారి పడిపోయేది. బిగించిన ఎలక్ట్రీషియన్ "అన్నా, పాత వైరింగుకి ఇది సెట్ కాదు, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. దయచేసి ఎవరూ ఈ మాటకు ఒప్పుకోవద్దు, అది ఊరికే పడటం లేదు, ఎక్కడో లీకేజీ ఉందని చెబుతోంది. వేరే అతన్ని పిలిపించాం. ఎంసీబీలు కట్టేసినా పడుతోందంటే న్యూట్రల్ చూడాలని ఒక్కో న్యూట్రల్ వైరు విప్పుకుంటూ వెళ్లాడు, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు పాపం. వరండా ప్లగ్గులో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయి ఉన్నాయి. గీజర్ ఎలిమెంట్ పాడైంది, దాని ఎర్త్ వైరు ఎప్పుడో తెగిపోయింది. అవి మార్చాక ఈ ఆరు నెలల్లో ఊరికే ఒక్కసారీ పడలేదు.

ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఇది కాపాడలేదు. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా కూడా ఇది పడదు, అందుకే ఎంసీబీలు కూడా ఉండాల్సిందే. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే వెంటనే మార్చండి. మా ఇంట్లో ఆ పని అమ్మది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మెయిన్‌లో పెట్టిన ఆర్‌సీసీబీ ఆ లైన్లను కాపాడదు, దానికి విడిగా ఇంకొకటి కావాలి. మాకు ఆ పని ఈ వారంలో ఉంది.