బడి విడిచాక ట్యూషనా, గ్రౌండా, గ్రంథాలయమా: ఏది మేలు?

సాయంత్రం నాలుగున్నరకు లాంగ్ బెల్ కొట్టిన దగ్గర్నుంచి రాత్రి ఎనిమిదికి అన్నం ముందు కూర్చునేదాకా పిల్లలకు మూడున్నర గంటలుంటాయి. బడిలో గడిపే టైంలో ఇది సగం. ఈ సగం ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టి పిల్లల చదువే కాదు, ఒళ్లు, స్నేహాలు, ధైర్యం కూడా మారతాయి. కానీ జూన్‌లో బడులు తెరిచేసరికి హన్మకొండలోనైనా, కాజీపేటలోనైనా, ఖిలా వరంగల్‌లోనైనా అమ్మానాన్నలు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "దగ్గర్లో మంచి ట్యూషన్ ఎక్కడుంది?"

ట్యూషన్ కాక మన చుట్టూ ఇంకా దారులున్నాయి. గ్రౌండ్ ఉంది, గ్రంథాలయం ఉంది, పాటా ఆటా నేర్పే చోట్లున్నాయి, బడిలోనే పెట్టే స్టడీ అవర్ ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడో తరగతి లోపు పిల్లలకు రోజూ రెండు గంటల ట్యూషన్ దండగ. వాళ్ల స్థాయికి సరిపడే చదువు ఒక గంట చాలు, మిగతా టైం ఆటకూ పుస్తకానికీ పోవాలి. టెన్త్ పిల్లల సంగతి వేరు.

ట్యూషన్‌లో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

ట్యూషన్‌కు పంపే అమ్మానాన్నలను నేను తప్పుపట్టను. 2022-23 నుంచి సర్కారు బడుల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లోనో, ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే ఇంట్లోనో సైన్స్ హోంవర్క్ చూసిపెట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? అమ్మ పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. అప్పటిదాకా పిల్ల ఎవరో ఒక పెద్దమనిషి కళ్ల ముందు ఉంటుందన్న భరోసా చిన్నదేం కాదు. దేశమంతా ఇదే తీరు. 2025లో కేంద్ర గణాంక శాఖ విడుదల చేసిన సర్వేలో విద్యార్థుల్లో 27 శాతం మంది ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నారని తేలింది.

చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. వరండాలో చాప మీద ఎల్‌కేజీ నుంచి తొమ్మిదో తరగతి దాకా ఇరవై మంది. చెప్పేది డిగ్రీ చదివే అక్క ఒక్కతే. డైరీ తీయడం, ఇవాళ్టి హోంవర్క్ చూపించడం, గైడ్‌లో జవాబు చూసి నోట్‌బుక్‌లోకి దించడం, సంతకం పెట్టించుకోవడం. ఆరో తరగతి పిల్లవాడు ఇలాగే భిన్నాల లెక్కలన్నీ నీట్‌గా రాసేస్తాడు. అదే పిల్లవాడికి 502లోంచి 267 తీసేయమని ఇవ్వండి, 365 అని రాస్తాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు. సున్నాలోంచి ఆరు పోదు కాబట్టి ఆరును అలాగే దించేశాడు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలన్న సంగతి చిన్న తరగతుల్లోనే అర్థం కాకుండా ఉండిపోయింది. సరైన జవాబు 235. నెలలకొద్దీ ట్యూషన్‌కు పోయినా ఆ తీసివేత దగ్గరికి ఎవరూ రారు, ఎందుకంటే డైరీలో ఆ హోంవర్క్ ఎప్పటికీ రాదు.

తప్పు ఆ అక్కది కాదు. హోంవర్క్ పూర్తయిందా లేదా అని అడిగే మనది. బడిలో వెనకబడ్డ పిల్లకు ట్యూషన్‌లో కూడా అదే పాఠం, అదే వేగంతో చెబితే రోజుకు రెండుసార్లు అర్థం కాకుండా పోతుంది.

ఇలా ఊరికే అనడం లేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాయంత్రపు సెంటర్ల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. సెంటర్‌లో రోజుకు 90 నిమిషాలు. అందులో సగం కంప్యూటర్ ముందు, సగం చిన్న గుంపుగా టీచర్ దగ్గర. పిల్ల ఏ తరగతి అన్నది ఆ కంప్యూటర్ పట్టించుకోదు, ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన తేడా కనిపించింది. బడిలో మామూలుగా నేర్చుకునే దానితో పోల్చి చూస్తే బాగా వెనకబడ్డ పిల్లలకే ఎక్కువ లాభం దక్కింది.

కంప్యూటరే కావాలని లేదు. తమిళనాడు 2021లో 'ఇల్లం తేడి కల్వి' పేరుతో ఊళ్లలోని వాలంటీర్లను పెట్టి సాయంత్రాలు గంట, గంటన్నర చెప్పించింది. కొవిడ్ తర్వాత అక్కడి పిల్లలు తిరిగి అందుకున్న చదువులో దాదాపు నాలుగో వంతు ఈ కార్యక్రమం వల్లేనని పరిశోధకులు లెక్కగట్టారు. చెప్పింది పేరున్న లెక్చరర్లు కాదు, అదే వీధిలో ఉండే చదువుకున్న ఆడవాళ్లు ఎక్కువమంది. మన గల్లీ ట్యూషన్ అక్క చేయలేనిది అందులో ఏమీ లేదు.

ఇక ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డులు పెట్టేచోటుకు పంపేవాళ్లకు ఒక మాట. కోచింగ్ సెంటర్లు పదహారేళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. పన్నెండేళ్ల పిల్లకు రాత్రి తొమ్మిదింటి దాకా క్లాసు పెడితే మొదట పోయేది నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల వయసులో తొమ్మిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర ఉండాలి. దాన్ని కోసి ఫిజిక్స్‌లో కలపడం ఎవరికీ లాభం కాదు.

గ్రౌండ్

అయిదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ప్రైవేటు బడులు చాలావాటికి గ్రౌండే లేదు. మూడంతస్తుల బిల్డింగు, సెల్లార్‌లో ప్రేయరు, వారానికి ఒక పీఈటీ పీరియడు, అది కూడా యూనిట్ టెస్టులొస్తే మ్యాథ్స్ సార్ తీసుకుంటారు. కాబట్టి ఆ గంట సాయంత్రం దొరకాలి, లేదా అసలు దొరకదు.

హన్మకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి, సింథటిక్ ట్రాక్ ఉంది. ఇంత సౌకర్యం మన ఊళ్లోనే ఉన్నా, అక్కడ తన పిల్లను పరిగెత్తించాలని ఎంతమంది అనుకుంటున్నారు?

పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. కూలి చేసుకునే ఇల్లు, పుట్టుకతోనే మేధోపరమైన ఇబ్బంది, చుట్టుపక్కల వాళ్లు అన్న మాటలు. చదువులో ఆమెను ఎలా కొలిచేవారో ఊహించుకోవచ్చు. పరుగులో మాత్రం ఎవరూ అందుకోలేకపోయారు. కోచ్ నాగపురి రమేశ్ ఆమెను గుర్తించి శిక్షణకు తీసుకెళ్లారు. 2024లో జపాన్‌లోని కోబెలో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన ఇబ్బంది ఉన్నవాళ్ల) విభాగంలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు, అదే ఏడాది ప్యారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఇటు నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ మొదట పరుగుతో మొదలుపెట్టి బాక్సింగ్‌లోకి వచ్చి 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది.

ప్రతి పిల్లా మెడల్ తెస్తుందని చెప్పడం లేదు. క్లాసులో చివరి బెంచీలో తల దించుకుని కూర్చునే పిల్లకు "నువ్వు దీంట్లో గట్టిదానివి" అని ఒకరు చెప్పే చోటు రోజులో ఒక్కటైనా ఉండాలి. కబడ్డీలోనో ఖోఖోలోనో ఆ మాట విన్న పిల్ల మర్నాడు క్లాసులో చెయ్యెత్తి డౌట్ అడుగుతుంది. ఆట నేర్పే ఇంకోటి కూడా ఉంది. ఓడిపోయి, ఏడ్చి, మళ్లీ మర్నాడు అదే జట్టులో నిలబడటం. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గితే అన్నం మానేసే పిల్లలున్న ఈ రోజుల్లో ఇది చాలా అవసరం.

గ్రౌండ్‌కు ఉన్న పెద్ద లోటు ఆడపిల్లల విషయంలో కనిపిస్తుంది. ఏడు, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది. గ్రౌండ్‌లో లైట్లుండవు, బాత్రూం ఉన్నా తాళం వేసి ఉంటుంది, ఇంటిదాకా తోడు వచ్చేవాళ్లు ఉండరు. "ఇప్పుడేం ఆటలు, పెద్దదయింది" అని నాయనమ్మ అనడం కన్నా ఈ తాళమే ఎక్కువమందిని ఆపుతోంది. నలుగురైదుగురు ఆడపిల్లలను కలిపి పంపడం, తల్లుల్లో ఒకరు వంతులవారీగా వెంట వెళ్లడం, బాత్రూం తాళం చెవి గురించి గట్టిగా అడగడం. నాకు తెలిసినంతలో పనిచేసేవి ఇవే.

గ్రంథాలయం

మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతాయి. డబ్బు కట్టేశాం, వాడుకోవడమే మిగిలింది. చాలా శాఖా గ్రంథాలయాలు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటాయి, శుక్రవారం సెలవు. బడి విడిచే టైంకు ఇంతకన్నా బాగా కుదిరేది ఇంకేముంది?

హన్మకొండకు పుస్తకం కొత్త కాదు. రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఇక్కడ 1904లో మొదలైంది, అప్పుడు నిజాం పాలన. కాళోజీ నారాయణరావు తిరిగిన ఊరిది. అంత చరిత్ర ఉన్నచోట ఇవాళ గ్రంథాలయంలోకి వెళ్తే కుర్చీలన్నీ గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే అన్నలూ అక్కలతో నిండి ఉంటాయి. వాళ్లకు ఆ చోటు కావాల్సిందే. కానీ ఐదో తరగతి పిల్ల లోపలికొచ్చి బొమ్మల పుస్తకం తీసి పైకి చదివితే "ష్" అంటారు. చదవడం నేర్చుకునే పిల్ల పైకి చదవాలి. అందుకే పిల్లలకు వేరే గది, లేదా కనీసం వరండాలో ఒక చాప, వాళ్ల చేతికందే ఎత్తులో ఒక అర ఉండాలి. వారానికి రెండు రోజులు కథ చదివి వినిపించే మనిషి ఒకరుంటే ఇంకా మంచిది. రిటైరైన తెలుగు టీచర్లు మన కాలనీల్లో తక్కువేం లేరు, అడిగితే చాలామంది వస్తారు.

ట్యూషన్‌తో పోలిస్తే గ్రంథాలయం ఫలితం ఆలస్యంగా కనిపిస్తుంది, ప్రోగ్రెస్ కార్డులో దానికి గడి లేదు. అయినా తెలుగు కథ గడగడా చదివే పిల్లకు సోషల్ పాఠం బట్టీ పట్టాల్సిన అవసరం తగ్గుతుంది. చదవడమే సరిగ్గా రాని పిల్లను మాత్రం ఒంటరిగా గ్రంథాలయంలో వదిలేస్తే పేజీలు తిప్పి ఇంటికొస్తుంది. ఆ పిల్లకు ముందు అక్షరాలు కలిపి చదివించే మనిషి కావాలి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్‌లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాలంటీర్లు సాయంత్రాలు ఇలాంటి క్లాసులే పెట్టారు. వచ్చిన పిల్లల చదువు మెరుగుపడింది, కానీ వచ్చినవాళ్లే కొద్దిమంది. పిల్లలను ఇంటికెళ్లి పిలుచుకు రావడం కూడా పనిలో భాగమేనని దాన్నిబట్టి తెలుస్తుంది.

పాట, డ్యాన్స్, బొమ్మలు

వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. నటరాజ రామకృష్ణ తిరిగి నిలబెట్టిన పేరిణి నృత్యం కాకతీయుల నాటిది, నేర్చుకోవడానికి మనకన్నా హక్కు ఎవరికుంది? నిజామాబాద్, కరీంనగర్‌లలో బాలభవన్‌లున్నాయి. వేసవిలోనే కాదు, మిగతా రోజుల్లోనూ పిల్లలను పంపవచ్చు. వారానికి రెండు రోజులు సరిపోతుంది. పిల్లకు ఇష్టం లేకుండా ఫోటో కోసం చేర్పించవద్దు.

పల్లెల్లో లెక్క వేరు

అక్టోబరు నుంచి పత్తి ఏరడం, ఆ తర్వాత మిర్చి. అమ్మ చేనులోంచి వచ్చేది చీకటి పడ్డాక. గీసుగొండ, ధర్మసాగర్ వైపు ఊళ్లలో బడి విడిచాక పిల్లలకు ఉండేది ఖాళీ ఇల్లు, లేదంటే ఎవరిదో ఒక ఫోను. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు బస్సులో టికెట్ లేదు కాబట్టి హన్మకొండ దాకా రావచ్చు, కానీ తిరిగి వెళ్లే చివరి బస్సు టైంకే అన్నీ ముగియాలి. అందుకే పల్లెలో అన్నింటికన్నా మేలైనది బడిలోనే ఇంకో గంటన్నర ఉంచడం. గదులున్నాయి, గ్రౌండ్ ఉంది, నల్లా ఉంది. ఊళ్లో డిగ్రీ చదివిన అమ్మాయికి గౌరవ వేతనం ఇచ్చి అరగంట ఆట, గంట చదువు పెట్టించవచ్చు. ముందుగా తిండి పెట్టాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న పిల్లకు అయిదింటికి పాఠం ఎక్కదు. బొబ్బెర గుడాలో, ఉడకబెట్టిన పల్లీలో గుప్పెడు చాలు.

టెన్త్ పిల్లలకు కూడా నేను బడినే ఎంచుకుంటాను. సర్కారు బడుల్లో పరీక్షల ముందు సాయంత్రాలు పెట్టే స్పెషల్ క్లాసుల్లో రోజంతా పాఠం చెప్పిన సారే ఉంటారు, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో ఆయనకు తెలుసు, స్నాక్స్ కూడా ఇస్తారు. ఆ రెండు మూడు నెలలు ట్యూషన్ మానేసి వీటికి పంపడమే మంచిది.

మిగతా తరగతులకైతే ఇలా: చదువులో బాగానే ఉన్న పిల్లకు ట్యూషన్ వద్దు, ఆట రోజూ, గ్రంథాలయం వారానికి రెండుసార్లు. వెనకబడ్డ పిల్లకు ఆట తగ్గించకుండానే వారానికి నాలుగు రోజులు గంటసేపు చదువు, అదీ హోంవర్క్ కోసం కాదు. ఇప్పటికే ట్యూషన్‌కు పంపుతుంటే మాన్పించే ముందు ఆ అక్కతో ఒకసారి కూర్చోండి. డైరీ పక్కన పెట్టి, పిల్ల చేత రెండో తరగతి తెలుగు పాఠం ఒక పేజీ చదివించమనండి, అప్పు తెచ్చుకునే తీసివేతలు అయిదు చేయించమనండి. ఎక్కడ ఆగితే వచ్చే నెల ఫీజు అక్కడి నుంచి చెప్పడానికేనని ఆమెకు చెప్పండి.