మా సెల్లార్ క్యారమ్ బోర్డు: అసలు సంగతి ఫ్రేములో ఉంది

క్యారమ్ బోర్డు కొనేవాళ్లు ముందు ప్లైవుడ్ మందం అడుగుతారు. షాపువాళ్లూ ఎనిమిది ఎంఎం, పన్నెండు, పదహారు అంటూ అదే పాట పాడతారు. ఏళ్ల తరబడి ఒకే బోర్డు మీద ఆడుతున్న నన్నడిగితే మందం సంగతి తర్వాత, ముందు ఫ్రేము చూడండి అంటాను. స్ట్రైకర్ ఫ్రేముకి తగిలి ఎంత హుషారుగా వెనక్కి వస్తుందన్న దాన్నిబట్టే ఆ బోర్డుతో మీకు కుదురుతుందో లేదో తేలిపోతుంది.

మాది కాకినాడ. అపార్ట్‌మెంట్‌లో నలుగురం చందాలేసుకుని టోర్నమెంట్ సైజుది కొని సెల్లార్‌లో పెట్టాం. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే కరెంటు పోయినా లేవం, ఫోన్ లైట్లు పెట్టుకుని ఆడతాం. మా చెల్లి నిశ్చితార్థానికి టైము అనుకుంటుంటే "మీ ఆటకి అడ్డం రాదు కదండీ?" అని మా ఆవిడ బంధువులందరి ముందూ అడిగేసింది.

1988లో చెన్నైలో ఏర్పడిన అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య నిబంధనల్లో ఓ పరీక్ష ఉంది. పదిహేను గ్రాముల స్ట్రైకర్‌ని ఒకవైపు నుంచి బలంకొద్దీ కొడితే కనీసం మూడున్నర సార్లు అటూ ఇటూ తిరగాలి. మా బోర్డు కొత్తలో నాలుగు తిరిగేది. అలా తిరిగే బోర్డు ఉంటే, మన ఒళ్లోకొచ్చి ఫ్రేముకి అతుక్కున్న కాయిన్‌ని బొటనవేలితో గోకాల్సిన పని లేదు. ఎదురు ఫ్రేముకి కొట్టి, తిరిగొచ్చే స్ట్రైకర్‌తో పాకెట్‌లోకి నెట్టేయొచ్చు. రెడ్ పడ్డాక, దాన్ని నిలబెట్టుకోడానికి వెంటనే వేయాల్సిన ఫాలో కాయిన్ అలా వేసినప్పుడు వచ్చే ఆనందం నాకు ఇంకే ఆటలోనూ దొరకలేదు.

బోర్డు మీద 100 వాట్ల పాత బల్బు వేలాడుతుండేది. కామన్ కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని దాన్ని తీసేసి ఎల్‌ఈడీ పెట్టారు. వెలుతురు బానే ఉంది, బోర్డుని పొడిగా ఉంచే వేడి పోయింది. ఆ ఏడాది కార్తీకంలో పట్టిన తుఫాను వాన వారమంతా వదల్లేదు. సెల్లార్‌లో నీళ్లు నిలవలేదు కానీ గాలంతా చెమ్మ. బోరిక్ పౌడర్ ఉండలు కట్టింది. వాన తగ్గాక ఆడితే తూర్పు ఫ్రేముకి తగిలిన స్ట్రైకర్ సగం దూరం వచ్చి ఆగిపోతోంది. వేలితో తడిమితే రెండు మూలల దగ్గరా అతుకు వీడి, ఫ్రేము ప్లైవుడ్‌ని కాస్త వదిలేసింది. దాని మీద తడితే బోలు శబ్దం.

వెంటనే బాగు చేయిస్తే కథ లేదు. చేయించలేదు. ఆ లోపాన్నే ఆటలో కలిపేసుకున్నాం. పడమర కూర్చున్నవాడికి ఎదురు ఫ్రేము చచ్చుబడింది కాబట్టి తిరుగు షాట్ లేనట్టే. అందుకని తక్కినవాళ్లం కాయిన్లన్నీ మెల్లగా తీసుకెళ్లి అతని ఒళ్లో పేర్చేయడం మొదలెట్టాం. బ్రేక్ కోసం వేసే టాస్ కంటే సీటు కోసం వేసే టాస్ ముఖ్యమైపోయింది. హైదరాబాద్ నుంచి మా బావ వచ్చాడు. వాళ్ల ఆఫీసు పోటీల్లో గెలిచిన మనిషి. మర్యాదగా పడమర కుర్చీ చూపించాం. మూడు ఆటలు ఓడాక "ఏంటి బావా, మీ ఊళ్లో స్ట్రైకర్ కూడా నిద్రపోతుందా?" అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు.

చివరికి వడ్రంగి మేస్త్రీని పిలిస్తే, "చెక్క చెమ్మ పీల్చిందండీ, సందులోకి పౌడర్ దిగి అతుకు కూర్చోనివ్వట్లేదు" అని ఫ్రేము పూర్తిగా విప్పేశాడు. గీకి, ఆరబెట్టి, ఫెవికాల్ రాసి, అడుగున ఎల్ పట్టీలు వేసి బిగించాడు. తూర్పు ఫ్రేముకి ప్రాణమొచ్చింది. కానీ మా ఆటే చెడింది. మెత్తటి ఫ్రేముకి అలవాటుపడిన చేతులు గట్టిగా కొట్టేయడం, స్ట్రైకర్ తిరిగొచ్చి పాకెట్‌లో పడటం, ఫైన్ కట్టడం. కొన్ని వారాలు అదే తంతు. మునుపటి బోర్డే బాగుందని మాలో ఒకాయన ఇప్పటికీ అలుగుతాడు.

కొత్తలో నాలుగు తిరిగేది అన్నాను కదా, అది ఎండాకాలంలో, పౌడర్ పల్చగా చల్లిన రోజు లెక్క. చెమ్మ రోజున ఎంత మంచి ఫ్రేమైనా మూడుకి తంటాలు పడుతుంది. పైగా ఇంత చురుకైన ఫ్రేము పిల్లలకి నప్పదు. వాళ్లు కొడితే స్ట్రైకర్ ఎగిరి కారు కింద వెతుక్కోవాల్సి వస్తుంది.

కొనమంటారా అంటే, మాకైతే సెల్లార్ ఉంది, రోజూ వచ్చే నలుగురున్నారు, పిలిస్తే వచ్చే మేస్త్రీ ఉన్నాడు. సముద్రానికి దూరంగా, పొడి ఊళ్లో ఉన్నవాళ్లకి ఈ గొడవ సగం ఉండకపోవచ్చు. సెలవుల్లో మాత్రమే దించి ఆడే ఇంటికి ఇంత బరువు బోర్డు దండగ, ఎనిమిది ఎంఎం చాలు. కొనేముందు మాత్రం నాలుగు మూలలూ తట్టి వినండి, స్ట్రైకర్ నాలుగు వైపుల నుంచీ కొట్టి చూడండి. కొట్టనివ్వని షాపులో కొనకండి.

పాత బల్బు మళ్లీ పెట్టించాం, దాని బిల్లు మేమే కడుతున్నాం. మిగతా రెండు మూలలు కూడా ఈ ఎండాకాలంలో విప్పి బిగించాలంటున్నాడు మేస్త్రీ. ఆ చందా మాట ఎత్తగానే ముగ్గురికీ ఒకేసారి ఫోన్లు వస్తున్నాయి.